గాత్రం, వయొలిన్, మృదంగం: మిక్సింగ్‌కి హెడ్‌ఫోన్లు నమ్మాలా, మానిటర్లు నమ్మాలా?

ఒక శాస్త్రీయ సంగీత కచేరీ రికార్డ్ చేశారనుకుందాం. గాత్రానికో మైకు, వయొలిన్‌కో మైకు, మృదంగానికి రెండు, తంబురాకి ఒకటి. ఇప్పుడు దాన్ని ఇంట్లో ఓ గదిలో కూర్చుని మిక్స్ చెయ్యాలి, అంటే అన్ని మైకుల శబ్దాన్నీ పాళ్ళు కుదిర్చి కలపాలి. చేతిలో ఉన్న డబ్బుతో ఒక మంచి హెడ్‌ఫోన్ కొనచ్చు, లేదా ఒక జత చిన్న స్టూడియో మానిటర్లు, అంటే మిక్సింగ్ కోసం చేసిన స్పీకర్లు, కొనచ్చు, రెండూ అంటే కష్టం. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా దాదాపు ఒకటే సలహా దొరుకుతుంది: మానిటర్లే కొనండి, హెడ్‌ఫోన్లు చివర్లో ఓసారి సరిచూసుకోడానికి మాత్రమే. ఆ సలహా ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది అమెరికాలోనో యూరప్‌లోనో రాక్, పాప్ పాటలు చేసుకునేవాళ్ళు. వాళ్ళ గదుల్లో వాళ్ళ సంగీతానికి అది సరైన మాటే కావచ్చు. మన ఇళ్ళలో మన కచేరీకి మాత్రం అది సగమే పనికొస్తుంది. గంటల తరబడి చేసే పనంతా హెడ్‌ఫోన్లలోనే బాగా జరుగుతుంది, కానీ రెండు నిర్ణయాలు మాత్రం స్పీకర్ల ముందు కూర్చుని తీసుకోవాలి: గాత్రానికీ పక్కవాద్యాలకీ మధ్య పాళ్ళు ఎంత, రివర్బ్ (హాల్లో పాడినట్టు వెనక వినిపించే మోత) ఎంత.

ముందు గది సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు తేడా అక్కడే మొదలవుతుంది. స్పీకర్ నుంచి వచ్చే శబ్దంలో నేరుగా చెవికి చేరేది కొంతే, మిగతాదంతా గోడలకీ నేలకీ పైకప్పుకీ తగిలి తిరిగొస్తుంది. అమెరికాలో చాలా ఇళ్ళలో లోపలి గోడలు చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టినవి. బేస్ తగిలినప్పుడు ఆ బోర్డు కొద్దిగా ఊగుతుంది, ఊగుతూ కొంత శక్తిని తనలో కలిపేసుకుంటుంది, ఇంకొంత పక్క గదిలోకి వదిలేస్తుంది. మనవి ఇటుక గోడలు, పైన సిమెంట్ ప్లాస్టరింగ్, నెత్తిన కాంక్రీట్ స్లాబు, కాళ్ళ కింద టైల్సో గ్రానైటో. బేస్ బయటికి పోయే దారి లేదు. గది కొలతలూ స్పీకర్లూ ఒకటే అయినా మన గదిలో బేస్ ఇంకా గట్టిగా మోగుతుంది, సద్దుమణగడానికి ఇంకా ఎక్కువసేపు తీసుకుంటుంది. ఈ తేడా చెప్పకుండా ఇచ్చే సలహాలే ఎక్కువ.

కొంచెం లెక్క వేస్తే బోధపడుతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం 10 అడుగులు, అంటే సుమారు 3 మీటర్లు. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. ఆ రెండు గోడల మధ్య అలలు నిలబడిపోయే మొదటి ఫ్రీక్వెన్సీ 56 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, తర్వాత దాని రెట్టింపు 112, ఆ తర్వాత 168. గది 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు కూడా 10 అడుగులైతే (మన అపార్ట్‌మెంట్లలో చిన్న బెడ్‌రూమ్ చాలాసార్లు ఇంచుమించు ఇలాగే ఉంటుంది) మూడు దిక్కుల మోతలూ ఒకే చోట కలిసిపోతాయి. 56 దగ్గర గది గుయ్‌మంటుంది, దాని పక్కనున్న ఫ్రీక్వెన్సీలు నీరసంగా వినిపిస్తాయి. కుర్చీ ఒక అడుగు ముందుకి జరిపితే ఆ లెక్క మారుతుంది, వెనక్కి జరిపితే ఇంకోలా మారుతుంది.

ఇది మృదంగం దగ్గర ఎలా దెబ్బ తీస్తుందో చూడండి. ఎడమ పక్క, రవ్వ ముద్ద పెట్టే వైపు, అరచేతి మడమతో నొక్కి జార్చినప్పుడు గుమ్కీ పలుకుతుంది కదా, ఆ నాదం ఒక చోట నిలబడదు, కింద నుంచి పైకి పాకుతుంది. పాకే దారిలో గది మోగే ఫ్రీక్వెన్సీ తగిలితే ఒక్కసారిగా ఉబ్బుతుంది, దాటగానే సన్నబడుతుంది. వినేవాడికి అది వాద్యం తప్పనిపిస్తుంది, లేదా మైకు తప్పనిపిస్తుంది. కంప్రెసర్ (గట్టి చోట్లని అణిచే సాధనం) వేస్తాడు, ఈక్వలైజర్‌లో ఒక ఫ్రీక్వెన్సీ కోస్తాడు. ఆ ఫైలు వేరే ఇంట్లో వింటే గుమ్కీకి ప్రాణమే లేదు. ఉబ్బెత్తు ఉన్నది గదిలో, కోత పడింది రికార్డింగ్‌కి. అదే ముక్క ఏదైనా ఓ మోస్తరు హెడ్‌ఫోన్‌లో విని ఉంటే విద్వాంసుడి చెయ్యి ఎంత సాఫీగా జారిందో మొదటిసారే తెలిసేది. పైగా గదిలో ఇనప బీరువా ఉంటే గుమ్కీ గుమ్కీకీ దాని తలుపు కూడా తాళం వేస్తుంది, అది రికార్డింగ్‌లో ఉన్న చప్పుడో గదిలోదో తేల్చుకోడానికే కొంత టైమ్ పోతుంది.

గాత్రానికి కూడా ఇలాంటి గుంత ఒకటి ఉంది. స్పీకర్ ముందు భాగం దాని వెనకున్న గోడకి ఎంత దూరంలో ఉందో చూడండి. స్పీకర్ నుంచి వెనక్కి వెళ్ళిన బేస్ గోడకి తగిలి తిరిగొచ్చి, నేరుగా వచ్చేదానితో కలుస్తుంది. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సరిగ్గా ఎదురు పడి రెండూ రద్దయిపోతాయి. దూరం 2 అడుగులైతే ఆ ఫ్రీక్వెన్సీ సుమారు 140 హెర్ట్జ్. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడి మధ్య స్థాయి షడ్జం 138.6 హెర్ట్జ్. అంటే ఆయన నిలబెట్టిన ఆధార షడ్జమే గదిలో సగం మాయమైపోతుంది, పక్కనున్న రిషభం మామూలుగా ఉంటుంది. గొంతు పల్చగా ఉందనుకుని అక్కడ నాలుగు డెసిబెల్స్ పెంచేస్తే, కారులో విన్నప్పుడు షడ్జం పట్టినప్పుడల్లా గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. స్పీకర్లని గోడకి బాగా దగ్గరగా జరిపితే ఈ గుంత ఇంకా పై ఫ్రీక్వెన్సీకి పోతుంది, కానీ బేస్ మొత్తం పెరుగుతుంది. అందుకే యమహా హెచ్‌ఎస్5 లాంటి మానిటర్ల వెనకాల బేస్ తగ్గించే రూమ్ కంట్రోల్ స్విచ్చి ఒకటి ఇస్తారు, చాలామంది దాన్ని ఎప్పుడూ ముట్టుకోరు.

గదిని బాగుచేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు, కానీ గోడకి కోడిగుడ్ల అట్టలో, పల్చటి ఫోమ్ ముక్కలో అంటిస్తే జరిగేది వేరు. అవి పై ఫ్రీక్వెన్సీలని కాస్త తగ్గిస్తాయి, బేస్‌ని ఏమీ చెయ్యవు. 70 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 5 మీటర్లు, దానికి అంగుళం ఫోమ్ అడ్డమే కాదు. ఫలితంగా గదిలో చప్పట్లు కొడితే మోత తగ్గినట్టు ఉంటుంది, బేస్ గందరగోళం అలాగే ఉంటుంది, దాని మీద ట్రెబుల్ కూడా చచ్చిపోయి ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. పనిచేసేది మూలల్లో నిలువుగా పెట్టే నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం రాక్‌వూల్ (రాతి నార పలకలు). మందపాటి దూది పరుపు మూలన నిలబెట్టినా ఎంతో కొంత సాయం చేస్తుంది. అద్దె ఇంట్లో, పది అడుగుల గదిలో, మంచం, బీరువా, కంప్యూటర్ టేబుల్ పోగా ఇవన్నీ పెట్టే చోటు ఎంతమందికి ఉంటుందో ఎవరికి వాళ్ళే చూసుకోవాలి.

హెడ్‌ఫోన్‌కి ఈ గొడవ లేదు, గదే లేదు కాబట్టి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి ఓపెన్ (డొప్ప వెనక తెరిచి ఉండే) మోడళ్ళలో అట్టడుగు బేస్ కొంచెం తగ్గుతుంది, కానీ ఆ తగ్గడం ఒక వాలులా సాఫీగా ఉంటుంది. రెండు రోజులు వింటే చెవి అలవాటు పడుతుంది. గదిలో వచ్చే గుంతలకీ గుట్టలకీ చెవి అలా అలవాటు పడలేదు, అవి కుర్చీతో పాటు మారుతుంటాయి కాబట్టి.

రికార్డింగ్‌ని శుభ్రం చేసే పనిలో హెడ్‌ఫోన్లకి పోటీ లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. కేబుల్ ఎర్తింగ్ సరిగా లేకపోతే వచ్చే గుయ్‌మనే హమ్ అక్కడే మొదలవుతుంది. హెచ్‌ఎస్5 స్పెసిఫికేషన్‌లోనే 54 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ తగ్గుతుందని రాసి ఉంటుంది, ఇక 50 దగ్గర హమ్ మెల్లగా ఉంటే ఆ స్పీకర్ ముందు కూర్చున్నవాడికి దాదాపు వినిపించదు. పెద్ద స్పీకర్లున్న హాల్లో వేసినప్పుడు మాత్రం కచేరీ అంతా వెనకాల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినట్టు ఉంటుంది. సీలింగ్ ఫ్యాను చప్పుడు, గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు, పేజీ తిప్పిన చప్పుడు, వీణలో మెట్టు మీద గోరు రాసుకున్న చప్పుడు, ముందు వరసలో ఎవరిదో ఫోన్ వైబ్రేషన్, ఇవన్నీ హెడ్‌ఫోన్‌లో పట్టుకోవడం చాలా తేలిక. ఫోన్ యాప్ తంబురా వాడి ఉంటే ఇంకోటి చూసుకోవాలి. అలాంటివి చిన్న ముక్కని మళ్ళీ మళ్ళీ తిప్పి వినిపిస్తాయి, ఆ అతుకు దగ్గర సన్నటి టిక్కు ఉంటే స్పీకర్లో తెలియదు, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే శ్రోతకి మాత్రం ఒకసారి పట్టుబడిందంటే ఆలాపనంతా అదే వినిపిస్తుంది.

మైకుల మధ్య టైమ్ తేడాలు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. వేదిక మీద వయొలిన్ మైకులో గాత్రం కూడా పడుతుంది. రెండు మైకులకీ గాయకుడి నుంచి ఒక మీటరు దూరం తేడా ఉంటే, గొంతు రెండో మైకులోకి దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. రెండూ కలిస్తే గొంతులో అక్కడక్కడా పళ్ళు ఊడిన దువ్వెనలా ఖాళీలు వస్తాయి. వయొలిన్ ట్రాక్‌ని మ్యూట్ చేస్తూ, తీస్తూ హెడ్‌ఫోన్‌లో వింటే గొంతు రంగు మారడం వెంటనే తెలుస్తుంది. గదిలో స్పీకర్ల ముందు ఇదే ప్రయత్నిస్తే గది సొంతంగా చేసే ఖాళీలు దీంతో కలిసిపోయి ఏది ఏదో తేలదు.

ఇంత మంచి పరికరం మరి పాళ్ళ దగ్గర ఎందుకు మోసం చేస్తుంది?

కారణం శ్రోత తలకాయ. స్పీకర్లు ఎదురుగా చెరో 30 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఎడమ స్పీకర్ శబ్దం ఎడమ చెవికే పోదు, తల చుట్టూ తిరిగి కుడి చెవికి కూడా చేరుతుంది, సుమారు 0.26 మిల్లీసెకను ఆలస్యంగా. మధ్యలో ఉన్న గాత్రం రెండు స్పీకర్ల నుంచీ సమానంగా వస్తుంది కాబట్టి ప్రతి చెవికీ రెండుసార్లు చేరుతుంది, ఒకసారి వెంటనే, ఒకసారి ఆ చిన్న ఆలస్యంతో. లెక్క ప్రకారం 2,000 హెర్ట్జ్ పరిసరాల్లో కొంచెం తగ్గుదల వస్తుంది. గదిలో ప్రతిధ్వనులు దాన్ని కొంత పూడుస్తాయి, కానీ పూర్తిగా కాదు. ఆ ప్రాంతం గొంతు స్పష్టతకి కీలకం, అక్షరాలు విడివిడిగా తెలియడానికి పనికొచ్చే ప్రాంతం. హెడ్‌ఫోన్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే. ఆ తగ్గుదల ఉండదు. గొంతు కూడా ఎదురుగా ఉండదు, తల లోపల ఎక్కడో నుదుటి వెనక కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. ప్రతి అక్షరం చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది కాబట్టి గాత్రాన్ని కాస్త తగ్గించినా ఇబ్బంది అనిపించదు. స్పీకర్లలోకి వచ్చేసరికి అదే గాత్రం పక్కవాద్యాల వెనక్కి వెళ్ళిపోతుంది.

పాప్ పాటలో ఇది చిన్న లోపం. కచేరీలో పెద్దది, దానికి కారణం వయొలిన్ పాత్ర. కర్ణాటక సంగీతంలో వయొలిన్ వేరే శ్రుతుల్లో వేరే స్వరాలు వాయించే నేపథ్య వాద్యం కాదు. గాయకుడు పాడిన సంగతినే, అదే స్వరాల మీద, అదే గమకంతో, వెంట్రుకవాసి వెనకగా అనుసరిస్తూ ఉంటుంది. రెండూ ఒకే చోట కూర్చుంటాయి, ఒకదాన్ని ఒకటి కప్పేస్తాయి. చెవికి వీటిని విడదీసే ఆధారం ఒకటే పెద్దది, దిక్కు. వేదిక మీద వయొలిన్ విద్వాంసుడు గాయకుడికి ఎడమవైపు, మృదంగం కుడివైపు కూర్చుంటారు, అంటే శ్రోతల వైపు నుంచి వయొలిన్ కుడిచేతి వైపు. మిక్సింగ్‌లో కూడా అలాగే వయొలిన్‌ని కుడికి పాన్ చేస్తారు, అంటే దాని శబ్దాన్ని కుడి పక్కకి జరుపుతారు. హెడ్‌ఫోన్‌లో ఆ విడదీత మరీ ఎక్కువ, గొంతు తల మధ్యలో, వయొలిన్ కుడి చెవి పక్కన. రెండూ ఎంత గట్టిగా ఉన్నా ఒకదానికొకటి అడ్డం రావు. అందుకని వయొలిన్‌ని హాయిగా పెంచేస్తారు. ఎంతో బాగుంటుంది కూడా.

ఆ ఫైలే ఫోన్ని టేబుల్ మీద పెట్టి వేస్తే దిక్కు అనేది మిగలదు. గొంతూ వయొలినూ ఒకే చిన్న రంధ్రంలోంచి వస్తాయి. అనుపల్లవిలో గాయకుడు తార స్థాయికి వెళ్ళి సాహిత్యం విప్పి చెప్తున్న చోట వయొలిన్ అదే స్వరాన్ని పట్టుకుని ఆ మాటల మీద దుప్పటి కప్పేస్తుంది. త్యాగరాజస్వామి ఏమన్నాడో తెలుగువాడికే అర్థం కాని పరిస్థితి! గాయకుడి ఉచ్చారణ బాగోలేదని కింద కామెంట్ పెడతారు, తప్పు ఫేడర్‌ది, అంటే ట్రాక్ శబ్దాన్ని పెంచి తగ్గించే మీటది.

అందుకే పాళ్ళు తేల్చేటప్పుడు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాలి. పెద్ద మానిటర్లు లేకపోయినా పర్వాలేదు. ఒకే ఒక్క చిన్న స్పీకర్, మోనో (ఎడమా కుడీ ఒకటిగా కలిపి), మామూలు మాటల గొంతు కంటే తక్కువ శబ్దంతో. ఒకటే స్పీకర్ అయితే పైన చెప్పిన తల చుట్టూ తిరిగే గొడవ పోతుంది, శబ్దం తక్కువ కాబట్టి గది మోత కూడా అంతగా వినిపించదు, బేస్ లేదు కాబట్టి గుమ్కీ ఆకర్షణలో పడి మనసు పక్కకి పోదు. మిగిలేది మధ్య ఫ్రీక్వెన్సీలు, కచేరీ నడిచేది అక్కడే. ఆ శబ్దంలో కూడా సాహిత్యం ప్రతి మాటా తెలియాలి, వయొలిన్ అనుసరణ ఉందని తెలియాలి కానీ దృష్టి లాక్కోకూడదు, గాయకుడు ఆగి వయొలిన్‌కి అవకాశం ఇచ్చినప్పుడు మాత్రం ఫేడర్ పైకి లేపాలి. వేదిక మీద విద్వాంసులు ఈ పని చేత్తోనే చేసుకుంటారు, కానీ మైకులు ఎవరికి వారికి దగ్గరగా పెట్టినప్పుడు ఆ సర్దుబాటు సగం పోతుంది, ఇంజనీరు దాన్ని తిరిగి పెట్టాలి.

ఇది కొత్త కిటుకేం కాదు. ఆరటోన్ వాళ్ళ చిన్న చతురస్రపు డబ్బా స్పీకర్ ఒకటి దశాబ్దాల పాటు పెద్ద పెద్ద స్టూడియోల్లో మిక్సర్ మీద కూర్చుని ఉండేది, సరిగ్గా దీనికోసమే. తెల్లటి కోను ఉండే యమహా ఎన్‌ఎస్10 కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1978లో ఇళ్ళలో పాటలు వినడానికని తెచ్చిన స్పీకర్ అది. ఇళ్ళవాళ్ళకి పెద్దగా నచ్చలేదు, బేస్ తక్కువ, మధ్య ఫ్రీక్వెన్సీలు మొహం మీద కొట్టినట్టు. ఆ అవలక్షణమే స్టూడియోల్లో పనికొచ్చింది, మధ్యలో ఏ తప్పున్నా దాచేది కాదు కాబట్టి. ట్రెబుల్ భరించలేక, దాన్ని పలికించే ట్వీటర్ మీద టిష్యూ పేపరు అంటించుకుని మరీ వాడారు. 2001లో తయారీ ఆపేశారు, ఇప్పటికీ పాతవి వెతికి కొనేవాళ్ళున్నారు. మన దగ్గర తరాల పాటు విజయవాడ రేడియో స్టేషన్ భక్తిరంజని జనం విన్నది మీడియం వేవ్‌లో, మోనోలో, ఒక్క చిన్న స్పీకర్‌లోనే. ఆ కీర్తనల్లో మాట పోయిందని ఎవరూ అనలేదు.

రివర్బ్ సంగతి. మైకు దగ్గరగా పెట్టి తీసిన గొంతు పొడిగా ఉంటుంది, కాస్త హాలు గాలి కలపాలి. హెడ్‌ఫోన్‌లో బయటి గది మోత ఏమీ లేదు కాబట్టి రివర్బ్ తోక చివరిదాకా, చిన్న చిన్న అంచులతో సహా వినిపిస్తుంది. కొంచెం వేసినా చాలా వేసినట్టుంటుంది, చెయ్యి వెనక్కి తగ్గుతుంది. కొందరికి దీనికి ఉల్టా జరుగుతుంది. గొంతు తలలో ఇరుక్కుని ఉంది కదా, దాన్ని ఎలాగైనా బయటికి పంపాలని రివర్బ్ పెంచుకుంటూ పోతారు, తల బయటికి రాదు, పాట మాత్రం బావిలో పడుతుంది. ఏ వైపు తప్పుతారన్నది మనిషిని బట్టి, కానీ హెడ్‌ఫోన్‌లో రివర్బ్ సరిగ్గా కుదరడం అరుదు. స్పీకర్ల ముందు రెండు నిమిషాలు చాలు. సభలో తీసిన రికార్డింగ్ అయితే ఇంకో జాగ్రత్త, ప్రతి మైకులోనూ ఆ హాలు ఇప్పటికే ఉంటుంది, దాని మీద ఇంకో కృత్రిమ హాలు కలిపితే మృదంగం సొల్లులు (దెబ్బల పలుకులు) ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దయిపోతాయి. తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) మూడో కాలం, అంటే బాగా వేగంగా, వాయిస్తున్న చోట విని, అక్కడ ప్రతి దెబ్బా విడిగా తెలిసేంత వరకే రివర్బ్ ఉంచాలి. ఆలాపన విని రివర్బ్ నిర్ణయించుకుంటే ఎప్పుడూ ఎక్కువే అవుతుంది.

మృదంగం గురించి ఇంకో మాట, కొంచెం పక్కదారి అయినా. మామూలు డప్పుకి లేని స్వరం మృదంగం కుడి పక్కకి ఎందుకుందో సీవీ రామన్ పరిశీలించారు. 1920లో ఒక సహ పరిశోధకుడితోనూ, మళ్ళీ 1934లోనూ దీని మీద పేపర్లు ప్రచురించారు. మధ్యలో పెట్టే నల్లటి కరణి బరువు వల్ల చర్మం కంపనాలు ఒకదానికొకటి పూర్ణ సంఖ్యల నిష్పత్తిలోకి వస్తాయని, అందుకే తీగ వాద్యంలా శ్రుతి పలుకుతుందని చూపించారు. మిక్సింగ్‌లో దీని ప్రభావం ఏంటంటే, కుడి పక్క నాదం శ్రుతికి కట్టుబడి ఉంటుంది కాబట్టి దాని పై హార్మోనిక్స్‌ని (మూల నాదంతో పాటు పలికే పై స్వరాలని) ఈక్వలైజర్‌తో విచ్చలవిడిగా కోస్తే దెబ్బ మిగిలి శ్రుతి పోతుంది. ఆ హార్మోనిక్స్ ఎక్కడున్నాయో హెడ్‌ఫోన్‌లో పట్టుకోవడం తేలిక, ఎంత ఉండాలన్నది మళ్ళీ స్పీకర్ పని.

సాఫ్ట్‌వేర్ మాటేమిటి? హెడ్‌ఫోన్‌లో ఎడమ శబ్దాన్ని కొంచెం ఆలస్యంతో, కొంచెం ట్రెబుల్ తగ్గించి కుడి చెవికి కూడా పంపితే స్పీకర్ విన్నట్టు ఉంటుందని ఆడియో ఇంజనీరు బెంజమిన్ బావర్ 1961లోనే రాశాడు. దాన్నే క్రాస్‌ఫీడ్ అంటున్నారు, ఇప్పుడు ప్లగిన్‌లుగా (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకునే చిన్న ప్రోగ్రాములుగా) దొరుకుతోంది. వయొలిన్ పాన్ ఎంత ఉండాలో చూసుకోడానికి బాగానే పనికొస్తుంది. లండన్‌లోని అబీ రోడ్ స్టూడియో గదిని మీ చెవిలో పెడతాం అనే ప్లగిన్‌లు ఇంకో అడుగు ముందుకెళ్తాయి, కానీ అవి ఎవరిదో సగటు తల, సగటు చెవి డొప్ప లెక్కతో చేసినవి. మీ చెవి ఆ సగటుకి దగ్గరైతే అద్భుతం, కాకపోతే గొంతు నెత్తి మీద నుంచి వస్తుంది. సోనార్‌వర్క్స్ లాంటివి హెడ్‌ఫోన్ మోడల్ ట్రెబుల్, బేస్ వంకరలని సరిచేస్తాయి, అది నిజంగా ఉపయోగం, ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసే ముందు ఆపడం మర్చిపోకపోతే.

ఏ హెడ్‌ఫోన్ అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. మిక్సింగ్‌కి ఓపెన్ బ్యాక్, రికార్డింగ్‌కి వెనక మూసి ఉండే క్లోజ్డ్. గాయకుడి చెవికి ఓపెన్ పెడితే అందులోని తంబురా, క్లిక్కు అన్నీ మైకులోకి పోతాయి. 1991 నుంచి నడుస్తున్న సోనీ ఎండీఆర్-7506 క్లోజ్డ్‌లో పాతకాపు, చప్పుళ్ళు పట్టడానికి మంచిది, పాళ్ళకి కొంచెం కటువు. 1997లో వచ్చిన హెచ్‌డీ 600 మధ్య ఫ్రీక్వెన్సీల్లో నమ్మదగినది, గొంతు, వయొలిన్, వీణ అన్నిటికీ అదే కావాలి. బేయర్‌డైనమిక్ డీటీ 990లో 8,000 హెర్ట్జ్ చుట్టూ ఎత్తు ఉంది, కమాను రాపిడి అక్కడ కీచుమంటుంది, అది రికార్డింగ్ తప్పనుకుని కోస్తే మిగతా చోట్ల వయొలిన్ గుడ్డ కప్పినట్టు అయిపోతుంది. మన వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోండి. కోస్తా ఉక్కలో లెదర్‌లా కనిపించే చెవి ప్యాడ్‌లు కొన్నాళ్ళకే పొట్టు లేస్తాయి, ప్యాడ్ పాడైతే చెవి చుట్టూ సీలు పోయి బేస్ మారుతుంది. కళ్ళజోడు కాడ వల్ల కూడా క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లో సీలు తెగుతుంది, కళ్ళజోడు తీసి ఓసారి విని చూడండి, బేస్ ఎంత తేడా వస్తుందో. ఓపెన్ అయితే ఫ్యాను ఆపి పనిచెయ్యాల్సిందే, మే నెలలో అది చిన్న మాటేం కాదు.

చెవుల సంగతి కూడా. హెడ్‌ఫోన్‌లో శబ్దం తెలియకుండానే పెరుగుతూ పోతుంది, ఎందుకంటే ఒంటికి బేస్ తగలదు, ఆ లోటు పూడ్చడానికి నాబ్ తిప్పుతాం. పని ప్రదేశాలకి అమెరికా నియోష్ సంస్థ ఇచ్చిన హద్దు 85 డెసిబెల్స్‌కి ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం. మూడు గంటల కచేరీని అలా నాలుగైదుసార్లు తిరగేస్తే ఎక్కడికి పోతుందో లెక్క వేసుకోండి. అలసిన చెవి ట్రెబుల్ ఇంకా కావాలంటుంది, రాత్రి పదకొండుకి ఈక్వలైజర్ ముట్టుకోకపోవడం మంచిది.

ఇంకో ప్రశ్న, మానిటర్ అసలు అక్కర్లేని రికార్డింగ్ ఉందా అంటే, ఒకటి ఉంది. రెండే మైకులతో, వేదిక ముందు స్టాండ్ మీద పెట్టి తీసిన స్టీరియో రికార్డింగ్. అందులో పాళ్ళు మార్చే వీలే లేదు, మైకు పెట్టినప్పుడే తేలిపోయాయి. పాత ఫ్రెంచ్ రేడియో పద్ధతిలో 17 సెంటీమీటర్ల దూరం, 110 డిగ్రీల కోణంలో పెట్టిన జత మైకుల్లో చెవుల మధ్య ఉండేలాంటి టైమ్ తేడా సహజంగానే పడుతుంది, అది హెడ్‌ఫోన్‌లో చాలా నిజంగా ఉంటుంది. రెండు మైకులూ ఒకే చోట పెట్టి కోణంతో మాత్రమే విడదీసిన రికార్డింగులు స్పీకర్లలో బ్రహ్మాండంగా ఉండి హెడ్‌ఫోన్‌లో ఇరుకైపోతాయి. శ్రోతల్లో ఎక్కువమంది ఇయర్‌ఫోన్లలోనే వింటారని తెలిస్తే మొదటి పద్ధతే మేలు.

లౌడ్‌నెస్ దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. యూట్యూబ్, స్పాటిఫై మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్ కొలిచే యూనిట్) దగ్గరికి తగ్గించేస్తాయి, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16కి. కచేరీని నలిపి ఇంతకంటే గట్టిగా చేసి పంపినా వాళ్ళు తగ్గిస్తారు, పోయేది ఆలాపనలోని మెత్తదనం ఒక్కటే.

నాదస్వరం, డోలు రికార్డింగ్ మాత్రం ఈ మొత్తం లెక్కకి ఎదురు తిరుగుతుంది. గంటల పని హెడ్‌ఫోన్‌లో చెయ్యమన్నది దానికి వర్తించదు. నాదస్వరం శక్తిలో చెప్పుకోదగ్గ భాగం చెవికి అన్నిటికంటే ఎక్కువ తగిలే 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, చెవి డొప్పకి ఆనుకుని అది మోగుతుంటే పది నిమిషాల్లో చెయ్యి దానంతటదే వాల్యూమ్ తగ్గించేస్తుంది. తగ్గించగానే డోలు బేస్ చెవికి ఆనదు, దాంతో డోలు పెంచుతారు. ఇలాంటి రికార్డింగ్‌కి చప్పుళ్ళు తీసే పని వరకు హెడ్‌ఫోన్, మిగతాదంతా స్పీకర్లు, అది కూడా ఆరు అడుగుల దూరంలో కూర్చుని, వీలైతే గది తలుపు తెరిచి పెట్టి. తలుపు తెరిస్తే బేస్‌కి బయటికి పోయే దారి ఒకటి దొరుకుతుంది. పక్కింటివాళ్ళు ముహూర్తం ఎన్నింటికని అడగడం మాత్రం ఖాయం.